"మా జిమ్మీ ఇలా ఉండడు" అన్నారు: ఫోటో చూసి పెంపుడు జంతువుల బొమ్మలు గీసేవాళ్ళు కాస్త సాయం చేయండి

వారాంతపు పెన్సిల్ (రామమూర్తి నగర్, బెంగళూరు) · శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు పెన్సిల్ బొమ్మలు గీస్తుంటాను. ఇన్నాళ్ళూ స్నేహితుల కుక్కలు, పిల్లులే గీశాను, డబ్బు తీసుకోలేదు. మొదటిసారి డబ్బుకు ఒప్పుకున్న ఆర్డర్‌లోనే చిక్కు వచ్చింది.

మా పక్క వీధిలో నెల్లూరు ఆంటీ ఒకరున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. వాళ్ళ జిమ్మీ పోయి మూడు నెలలైంది. వీధి కుక్కే. కళ్ళు సరిగ్గా తెరవని వయసులో వానలో దొరికితే తెచ్చి పదమూడేళ్ళు పెంచారు. గోధుమ రంగు ఒళ్ళు, నల్ల మూతి, ఒక కంటి పైన తెల్ల మచ్చ, సగానికి వాలిన ఒక చెవి. ఎ4 సైజులో, మెడ వరకు, గ్రాఫైట్‌లో గీయమన్నారు. వాళ్ళ దగ్గర రెండే ఫోటోలు పనికొచ్చేలా ఉన్నాయి. ఒకటి అంకుల్ జిమ్మీని దగ్గరికి లాక్కుని తీసుకున్న సెల్ఫీ. రెండోది రాత్రిపూట ఫ్లాష్ వేసి తీసింది, కళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి.

సెల్ఫీ పట్టుకుని, కొలత తప్పకుండా దాని మీదా కాగితం మీదా గడులు గీసుకుని పద్నాలుగు గంటలు కూర్చున్నాను. తీసుకెళ్ళి చూపిస్తే ఆంటీ చాలాసేపు చూశారు. "బాగా గీశావమ్మా. కానీ మా జిమ్మీ ఇలా ఉండడు" అన్నారు. ఏం తేడా అని అడిగితే ఆవిడకీ చెప్పడం రాలేదు. చెంగుతో కళ్ళు తుడుచుకుని కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయారు.

ఫోటో పక్కన పెట్టి చూస్తే నా బొమ్మ అచ్చం అలాగే ఉంది. మరి తప్పెక్కడ? రెండు ఫోటోలూ, నా బొమ్మా కింద పెడుతున్నాను. దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

మూడు పిల్లుల ఇల్లు (హెచ్ఎస్ఆర్ లేఅవుట్) · శనివారం, రాత్రి 10:51

నాకు గీయడం రాదు, గీయించుకున్నదాన్ని. ఆ ఆంటీ మాట నాకు బాగా అర్థమైంది. పోయినేడాది మా పెద్ద పిల్లి బొమ్మ ఒకరి చేత వేయించాను. బొచ్చు వెంట్రుక వెంట్రుకా తీర్చారు, కానీ అది మా పిల్లి కాదు. రెండు వారాలు గోడ మీద ఉంచి తీసేశాను. తర్వాత తెలిసింది, మా దాని ఎడమ కన్ను కుడి కంటే కాస్త చిన్నది. గీసినవాళ్ళు రెండూ సమానం చేసేశారు. అందంగా ఉంటుందనుకున్నారేమో. నాకు మాత్రం ఆ చిన్న కన్నే నా పిల్లి.

బొగ్గుపుల్ల (బసవనగుడి) · శనివారం, రాత్రి 11:30

పెన్సిల్ గారూ, బొమ్మ చూశాను. మీ చేయి బాగుంది, ముఖ్యంగా మెడ దగ్గర బొచ్చు మలుపు తిరిగే చోట. తప్పు మీ చేతిలో లేదు, ఫోటోలో ఉంది. మీరు ఫోటోని నమ్మేశారు.

మొదటిది ముక్కు. సెల్ఫీలో జిమ్మీ ముక్కు కెమెరాకి దాదాపు ఆనుకుని ఉంది. అందుకే ముక్కు ఉబ్బి, కళ్ళు వెనక్కి వెళ్ళి, చెవులు చిన్నవై కనిపిస్తున్నాయి. గడుల పద్ధతిలో గీస్తే ఆ వంకరంతా కొలత తప్పకుండా కాగితం మీదికి వస్తుంది. ఆంటీ పదమూడేళ్ళు చూసింది ఆ మొహం కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి నాలుగడుగుల దూరం నుంచి చూసిన మొహం.

రెండోది కళ్ళు. రెండు కళ్ళలోనూ మెరుపు చుక్క నడిమధ్యలో, గుండ్రంగా పెట్టారు. ఫ్లాష్ ఫోటో చూసి పెట్టి ఉంటారు. ఎదురుగా బల్బు పెడితే తప్ప అక్కడ మెరుపు పడదు. కిటికీ పక్కన కూర్చున్న కుక్క కంట్లో ఆ కిటికీయే ఉంటుంది, పైకి, ఒక పక్కకి, కాస్త వంగిన చతురస్రంలా. 1502లో డ్యూరర్ వేసిన కుందేలు పిల్ల నీటిరంగుల చిత్రం వియన్నాలోని అల్బర్టినాలో ఉంది. దాని కన్ను పెద్దది చేసి చూడండి. అందులో కిటికీ చట్రం కనిపిస్తుంది. అయిదు వందల ఏళ్ళయినా ఆ కుందేలు ఊపిరి పీలుస్తున్నట్టే ఉండటానికి ఆ కిటికీ ఒక కారణమని నేను నమ్ముతాను.

ఇంకేదో కూడా తేడా ఉంది, నాకు పట్టుబడటం లేదు. రేపు పగటి వెలుగులో చూస్తాను.

ఫోటో పిచ్చి (వైట్‌ఫీల్డ్) · ఆదివారం, ఉదయం 7:15

ముక్కు సంగతికి లెక్క చెప్తాను. ముక్కు కొస నుంచి కళ్ళ వరకు సుమారు 10 సెంటీమీటర్లు అనుకోండి. కెమెరా ముక్కుకి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కళ్ళు 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. కళ్ళతో పోలిస్తే ముక్కు పావు వంతు పెద్దదిగా పడుతుంది. అదే రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా 5 శాతమే. లెన్స్ నాణ్యతకీ దీనికీ సంబంధం లేదు, అంతా దూరమే. అందుకే వెనక్కి జరిగి, ఫోన్‌లో 2ఎక్స్ జూమ్ పెట్టి తీయమంటాను.

పెంపుడు జంతువు ఇంకా మనతో ఉన్నవాళ్ళు ఈ రోజే తీసి పెట్టుకోండి. నేలమీద బోర్లా పడుకుని కెమెరాని దాని కళ్ళ ఎత్తుకి తెండి. నిలబడి పైనుంచి తీస్తే తల పెద్దదై, కాళ్ళు పొట్టివవుతాయి. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైట్ వద్దు. కిటికీ పక్కన గానీ, ఉదయం బాల్కనీ నీడలో గానీ కూర్చోబెట్టండి. నల్ల కుక్క అయితే స్క్రీన్ మీద దాని మొహాన్ని తాకి వెలుగు కాస్త పెంచండి, లేకపోతే కళ్ళూ బొచ్చూ కలిసి ఒకే నల్ల ముద్ద అవుతాయి. నేను ఆదివారాలు కబ్బన్ పార్కుకి వెళ్ళి, అక్కడికి వచ్చే కుక్కల్ని వాళ్ళ ఓనర్లని అడిగి తీస్తుంటాను. నలభై ఫోటోలు తీస్తే ఒకటి దొరుకుతుంది.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు కుదించేస్తుంది, కంటి చుట్టూ ఉండే సన్న గీతలే ముందు పోతాయి.

కోడ్ కుర్రాడు · ఆదివారం, ఉదయం 8:02

ఇంత కష్టం ఎందుకండీ? ఇప్పుడు ఏఐ యాప్‌లున్నాయి కదా. ఆ ఫ్లాష్ ఫోటో ఇస్తే కళ్ళు సరిచేసి, మొహం క్లియర్ చేసి ఇస్తుంది. అది చూసి గీయొచ్చు.

బొగ్గుపుల్ల · ఆదివారం, ఉదయం 8:40

తమ్ముడూ, నేనూ ప్రయత్నించాను, అందుకే చెప్తున్నా. మసకగా ఉన్న చోట ఆ యాప్‌కి సమాచారం లేదు. లేని చోట అది చూసిన వేల కుక్కల్లోంచి ఊహించి నింపుతుంది. వచ్చే కన్ను చక్కటి కన్నే, కానీ ఇంకో కుక్క కన్ను. నేను ఒక ముసలి లాబ్రడార్ ఫోటో ఇస్తే, కంటి కింద ఉన్న చిన్న పులిపిరిని మరక అనుకుని తుడిచేసింది. ఆ ఇంటివాళ్ళు ముందు వెతికింది ఆ పులిపిరి కోసమే. వెలుగు పెంచడం, రంగు సరిచేయడం వరకు వాడుకో, తప్పు లేదు. మొహం మాత్రం దాని చేతికి ఇవ్వకు.

పశువుల డాక్టరు (యలహంక) · ఆదివారం, ఉదయం 9:25

కళ్ళ గురించి నాకు తెలిసింది చెప్తాను. కుక్కల్లో, పిల్లుల్లో, పశువుల్లో రెటీనా వెనక వెలుగుని తిప్పి పంపే ఒక పొర ఉంటుంది. దాన్ని టపీటమ్ లూసిడమ్ అంటాం. రాత్రి చూపుకి అది సాయం. ఫ్లాష్ వేస్తే ఆ పొరే పచ్చగానో, పసుపుగానో మెరుస్తుంది. పైగా చీకట్లో కంటిపాప బాగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి దాని చుట్టూ ఉండే రంగు వలయం సన్నటి అంచులా మిగులుతుంది. ఫ్లాష్ ఫోటో చూసి కన్ను గీస్తే రంగూ తప్పుతుంది, పాప సైజూ తప్పుతుంది.

కంటిపాప ఆకారం కూడా గుర్తుంచుకోండి. కుక్కకి గుండ్రం. పిల్లికి పగటి వెలుగులో నిలువు చీలిక, మసక వెలుగులో గుండ్రం. ఆవుకి, మేకకి అడ్డంగా సాగి ఉంటుంది. ఒక గోశాల గోడ మీద వేసిన ఆవు బొమ్మకి మనిషి కళ్ళు పెట్టారు. వెళ్ళినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

పదమూడేళ్ళ కుక్క అన్నారు కదా. ఆ వయసులో కంటి లోపల లేత నీలి పొగలాంటి మసక రావడం మామూలే. మూతి చుట్టూ నెరుపు వస్తుంది. వాళ్ళకి ఏ వయసు జిమ్మీ కావాలో అడిగారా?

వారాంతపు పెన్సిల్ · ఆదివారం, ఉదయం 9:50

అడగలేదు డాక్టరు గారూ. ఆ ఆలోచనే రాలేదు. సెల్ఫీ ఆరేళ్ళ కిందటిది, ఫ్లాష్ ఫోటో పోయిన దీపావళికి తీసింది. నేను మొహం ఒకదాంట్లోంచి, కళ్ళు ఇంకోదాంట్లోంచి తీసుకున్నాను. అంటే ఏడేళ్ళ కుక్క మొహంలో పదమూడేళ్ళ కుక్క కళ్ళు పెట్టానన్నమాట.

రాయలసీమ రంగులు (అనంతపురం, వారానికి మూడు రోజులు బెంగళూరు) · ఆదివారం, ఉదయం 11:10

పెన్సిలక్కా, ఒక్క విషయం చూడండి. ఆ సెల్ఫీలో అంకుల్ భుజం వెనక గోడకి తెలుగు క్యాలెండర్ ఉంది. మసగ్గా ఉంది కానీ పెద్ద చేసి చూశాను. దాని మీద పెద్దక్షరాల్లో నెల పేరు ఉంటుంది కదా, అది తిరగబడి ఉంది. తలకట్టు కొస కుడికి కాకుండా ఎడమకి లేస్తోంది. ఆదివారం ఎర్రంకెలు ఉండాల్సిన వైపు కాకుండా రెండో వైపు ఉన్నాయి.

అంటే ఆ ఫోన్ సెల్ఫీని అద్దంలో కనిపించినట్టే దాచుకుంది. ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు అలాగే చేస్తాయి, సెట్టింగ్‌లో ఉంటుంది. ఫ్లాష్ ఫోటో వెనక కెమెరాతో తీసింది కాబట్టి అందులో వాలిన చెవి ఏ వైపుందో చూడండి. నాకైతే జిమ్మీ ఎడమ చెవిలా ఉంది. మీ బొమ్మలో కుడి చెవి.

వారాంతపు పెన్సిల్ · ఆదివారం, ఉదయం 11:18

ఇప్పుడే రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒళ్ళు జలదరించింది. మచ్చ కూడా అటుది ఇటు అయిపోయింది. రెండు ఫోటోలూ నెల రోజులుగా నా దగ్గరే ఉన్నాయి. ఫ్లాష్ దాంట్లో తల పక్కకి తిరిగి ఉంది కాబట్టి పోల్చలేదు.

బొగ్గుపుల్ల · ఆదివారం, ఉదయం 11:45

రాయలసీమ, శభాష్! నాకు పట్టుబడనిది ఇదే. మన మొహాన్ని మనం అద్దంలో చూసుకుంటాం కాబట్టి మన సెల్ఫీ తిరగబడినా మనకి తెలియదు. కానీ కుక్కని ఎవరూ అద్దంలో చూడరు. పదమూడేళ్ళు ఎదురుగా చూసినవాళ్ళకి ఆ తేడా వెంటనే తగులుతుంది, పేరు పెట్టలేరంతే.

పెన్సిల్ గారూ, మళ్ళీ మొదలుపెట్టాలి. దిద్దితే సరిపోదు. ఫోటోని ఎడమ, కుడి తారుమారయ్యేలా తిప్పండి. వెలుగు కూడా దాంతోపాటే రెండో వైపుకి మారుతుందని గుర్తుంచుకోండి. పాత బొమ్మ అలవాటులో నీడ పాత వైపే వేసేస్తారు, ఆ పొరపాటు నేను చేశాను. గీసే ముందు ఒకసారి ఆంటీ ఇంటికి వెళ్ళండి. పెన్సిల్, కాగితం తీసుకెళ్ళకండి. జిమ్మీ గురించి చెప్పమని అడిగి వినండి.

ఒంగోలు గిత్త (కె.ఆర్.పురం) · ఆదివారం, మధ్యాహ్నం 1:05

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. పశువుల డాక్టరు గారు ఆవు కన్ను గురించి రాస్తే అడగాలనిపించింది. ఊళ్ళో మా నాన్నగారి దగ్గర ఒంగోలు గిత్త ఉంది, పన్నెండేళ్ళది. ఆయనకి ఇప్పుడు చేతకావడం లేదు, సంక్రాంతి తర్వాత దాన్ని మా బాబాయి వాళ్ళకి ఇచ్చేస్తున్నారు. నాన్నకి దాని బొమ్మ గీయించి ఇవ్వాలని ఉంది. కుక్కలు, పిల్లులు గీసేవాళ్ళు ఎద్దుని గీస్తారా?

రాయలసీమ రంగులు · ఆదివారం, మధ్యాహ్నం 1:40

ఎందుకు గీయరన్నా! తెల్ల ఎద్దు గీయడం మంచి పరీక్ష. తెలుపు గీయడమంటే దాని మీద పడిన నీడల్ని గీయడమే. ఒంగోలు గిత్తకి మెడ మీద, మూపురం మీద బూడిద రంగు ముదురుగా ఉంటుంది కదా, అక్కడి నుంచి తెలుపులోకి మెల్లగా కలిసిపోయే చోటే అందమంతా. మూపురం కనిపించేలా పక్క నుంచి ఒకటి, మొహానికి దగ్గరగా ఒకటి తీసి పెట్టుకోండి. కొమ్ముల్లో ఏదైనా వంకర ఉంటే దాన్ని దాచొద్దు.

కోడ్ కుర్రాడు · ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఇంకో సందేహం. గడులు గీసుకోవడం, కింద నుంచి వెలుగు వచ్చే లైట్ బాక్స్ మీద ఫోటో పెట్టి ట్రేస్ చేయడం, ఇవి మోసం కాదా? డబ్బు తీసుకుంటున్నప్పుడు చూసి చేత్తోనే గీయాలి కదా?

రాయలసీమ రంగులు · ఆదివారం, మధ్యాహ్నం 2:50

నా అభిప్రాయం గట్టిగానే చెప్తా. ట్రేసింగ్ మీద మొత్తం ఆధారపడితే చెయ్యి ఎదగదు. నేను రెండేళ్ళు అలాగే గీశాను. ఔట్‌లైన్ ఖచ్చితంగా ఉండేది, లోపల బొమ్మ బల్లపరుపుగా ఉండేది. కింద ఎముక ఎక్కడుందో నాకు తెలియదు మరి. తర్వాత రోజుకి పది నిమిషాలు వీధి కుక్కల్ని చూసి గీశాను. కుక్క పడుకున్నప్పుడు భుజం ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో అప్పుడు తెలిసింది.

బొగ్గుపుల్ల · ఆదివారం, మధ్యాహ్నం 3:20

నేను కొంచెం విభేదిస్తాను. చూసి గీయడం రోజూ సాధన చేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆర్డర్ తీసుకున్నాక ఆ ఇంటివాళ్ళకి కావలసింది వాళ్ళ కుక్క. కన్ను రెండు మిల్లీమీటర్లు జరిగితే మొహం మారిపోతుంది. ఆ కొలత గడులతో వచ్చినా, ట్రేసింగ్‌తో వచ్చినా నాకు అభ్యంతరం లేదు. అడిగితే దాచకుండా చెప్పాలి. కొలత తర్వాత మిగిలిన పదిహేను గంటల పని మన కంటిదే.

రాయలసీమ రంగులు · ఆదివారం, మధ్యాహ్నం 3:34

అడిగితే చెప్పాలి అన్నారు చూడండి, అక్కడ నేను మీతోనే ఉన్నాను అన్నా. మిగతాది మనకి ఎప్పటికీ కుదరదు.

మూడు పిల్లుల ఇల్లు · ఆదివారం, సాయంత్రం 5:00

గీయించుకునేవాళ్ళ తరఫున ఒక మాట. గీసేవాళ్ళు మమ్మల్ని ప్రశ్నలు అడగాలి. నా రెండో బొమ్మ గీసినావిడ ఫోన్ చేసి నలభై నిమిషాలు అడిగింది. పిల్లి ఎక్కడ పడుకుంటుంది, మిమ్మల్ని చూసినప్పుడు చెవులు ఎటు తిప్పుతుంది, ఆకలేస్తే మొహం ఎలా పెడుతుంది, మీసాల్లో విరిగినవి ఉన్నాయా అని. ఫోటో అప్పటికే పంపాను, ఇవన్నీ ఎందుకు అనిపించింది. బొమ్మ వచ్చాక అర్థమైంది. కుడివైపు ఒక మీసం పొట్టిగా ఉంది అందులో.

వారాంతపు పెన్సిల్ · ఆదివారం, రాత్రి 9:10

ఇప్పుడే ఆంటీ ఇంటి నుంచి వచ్చాను. చెప్పినట్టే ఖాళీ చేతులతో వెళ్ళాను. ఫోటో తిరగబడిందని చెప్పి, ఫోన్‌లో తిప్పి చూపించాను. ఆవిడ ఫోన్ లాక్కుని "ఇదిగో, వీడే" అన్నారు. అంకుల్ లోపలి నుంచి వచ్చి చూసి మాట్లాడకుండా కూర్చుండిపోయారు.

రెండు గంటలు మాట్లాడారు. జిమ్మీకి కుక్కర్ విజిల్ అంటే ఇష్టమట. మూడో విజిల్‌కి పప్పు దించుతారని తెలుసు. మొదటి విజిల్‌కే నిలబడ్డ కుడి చెవి వంటింటి వైపు తిరిగేది, వాలిన ఎడమ చెవి మొదలు దగ్గర మాత్రం కాస్త లేచి మళ్ళీ పడిపోయేదట. తల అర అంగుళం పక్కకి వంచేవాడట. ఆంటీ తన తల వంచి చూపించారు. ఏ వయసు జిమ్మీ కావాలని అడిగితే "ముసలాడే కావాలి. మూతి తెల్లబడ్డాక ఇంకా ముద్దొచ్చేవాడు" అన్నారు. నేనే వయసులో ఉన్నప్పటిదైతే అందంగా ఉంటుందని అనుకున్నాను.

ఇంకో సంగతి. అంకుల్ పాత ఫోన్ బీరువాలో ఉందట. ఛార్జ్ పెట్టి చూస్తే అందులో పదకొండు సెకన్ల వీడియో దొరికింది, పోయినేడాదిది. వరండాలో పగటి వెలుగు, ఆంటీ పిలుస్తుంటే జిమ్మీ తల తిప్పుతాడు. అందులోంచి ఫ్రేములు తీసుకున్నాను. ఒక్కోటి ఆపి చూస్తే నాలుగు బాగున్నాయి.

ఫోటో పిచ్చి · ఆదివారం, రాత్రి 9:32

వీడియో ఉందంటే సగం పని అయినట్టే. ఒక్కో ఫ్రేము ఫోటో అంత స్పష్టంగా ఉండదు, కానీ మొహం తిరుగుతున్నప్పుడు మూతి ఎంత పొడుగో, నుదురు ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుస్తుంది. మొహం లోతు ఒక్క ఫోటోలో దొరకదు.

బొగ్గుపుల్ల · ఆదివారం, రాత్రి 10:05

ఇప్పుడు పని గురించి చెప్తాను, నా పద్ధతి ఇది.

నున్నటి కాగితం తీసుకోండి, యాసిడ్ లేనిది. గరుకు కాగితం మీద కంటి వివరం నిలవదు. హెచ్‌బితో చాలా తేలిగ్గా ఔట్‌లైన్. తర్వాత ముందుగా మీసాలు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో మీసాలు ఉండాల్సిన చోట కాగితం మీద నొక్కి గీయండి. గాడి పడుతుంది. తర్వాత పైన షేడ్ చేస్తే గ్రాఫైట్ ఆ గాడిలోకి దిగదు, మీసం తెల్లగా మిగులుతుంది. ఒకసారి గాడి పడితే వెనక్కి లేదు, అందుకే చిత్తు కాగితం మీద రెండుసార్లు సాధన చేయండి. మీసాలు అన్నీ ఒకే వంపులో ఉండవు, ఆంటీని అడిగి ఉంటారు.

కళ్ళు ముందు పూర్తి చేయండి. కళ్ళు కుదరకపోతే మిగతా పది గంటలూ దండగ. పై రెప్ప నీడ కంటి మీద పడుతుంది కాబట్టి కంటి పైభాగం ముదురుగా, కింద భాగం వెలుగుగా ఉంటుంది. ఈ ఒక్కటి మర్చిపోతే కన్ను గోళీలా ఉంటుంది. వయసు మసక కోసం కంటిపాపని పూర్తి నలుపు చేయకండి, 4బి పెన్సిల్‌తో ఆగి, పిండిముద్దలా నలిగే మెత్తటి నీడెడ్ రబ్బరుతో ఒకసారి అద్దండి.

బొచ్చు గీసేటప్పుడు పెన్సిల్ బొచ్చు పెరిగే దిక్కులోనే పోవాలి. ముక్కు పైన పొట్టిగా పైకి, కళ్ళ మధ్య నుంచి రెండు పక్కలకి, చెంపల మీద వెనక్కి. నెరిసిన మూతి దగ్గర తెల్ల వెంట్రుకల్ని గీయొద్దు, వాటి మధ్య నీడల్ని గీయండి. చేతి కింద ఒక కాగితం పెట్టుకోండి, లేకపోతే అరచేయి అంతా పూసేస్తుంది.

రాయలసీమ రంగులు · ఆదివారం, రాత్రి 10:30

రంగు పెన్సిళ్ళతో గీసేవాళ్ళకి ఒక మాట. నల్ల కుక్కకి నల్ల పెన్సిల్ చివరిదాకా తీయొద్దు. నేను పాలీక్రోమోస్ రంగు పెన్సిళ్ళలో డార్క్ ఇండిగో, డార్క్ సెపియా ఒకదాని మీద ఒకటి తేలిగ్గా పొరలు వేస్తాను. ఎండ పడిన నల్ల బొచ్చులో నీలం ఉంటుంది, నీడలో గోధుమ ఉంటుంది. మైనం పెన్సిళ్ళతో గట్టిగా నొక్కి వేస్తే కొన్నాళ్ళకి పైన తెల్లటి పొగలాంటి పూత వస్తుంది, మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. మొదటి పొరల్లోనే నొక్కేస్తే కాగితం గరుకు చచ్చి తర్వాత రంగు పట్టదు.

న్యాయం దారి (శివాజీనగర్) · సోమవారం, ఉదయం 8:15

డబ్బు తీసుకుని గీసేవాళ్ళు చాలామంది ఇక్కడున్నారు కాబట్టి ఒక విషయం రాస్తున్నా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి పోర్ట్రెయిట్ గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ బొమ్మ మొదటి కాపీరైట్ హక్కుదారు గీయించుకున్న వ్యక్తే. చాలామంది ఆర్టిస్టులు ఇది తమదే అనుకుంటారు. బొమ్మని మీ పేజీలో పెట్టుకోవాలన్నా, ప్రింట్లు అమ్మాలన్నా ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, వాట్సాప్‌లో రెండు లైన్లయినా చాలు. గీసింది మీరేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు ఉంటుంది.

ఫోటో విషయంలో కూడా జాగ్రత్త. కస్టమర్ తీసిన ఫోటో అయితే ఇబ్బంది లేదు. నెట్‌లో దొరికిన ఎవరిదో కుక్క ఫోటో చూసి గీసి అమ్మితే ఆ ఫోటో తీసినవాళ్ళ హక్కు దెబ్బతింటుంది.

మూడు పిల్లుల ఇల్లు · సోమవారం, ఉదయం 8:50

ఇది నాకు అసలు తెలియదు. చాలా థ్యాంక్స్ అండీ.

కోడ్ కుర్రాడు · సోమవారం, ఉదయం 9:30

రేటు ఎలా పెడతారు? నేనూ నేర్చుకుందామనుకుంటున్నా.

రాయలసీమ రంగులు · సోమవారం, ఉదయం 10:05

నేను ఎ4 గ్రాఫైట్ తల ఒక్కటి 3,500, రంగుల్లో 6,000 తీసుకుంటాను. ఇద్దరు కలిసి ఉంటే ఒకటిన్నర రెట్లు. సగం అడ్వాన్స్ లేకుండా మొదలుపెట్టను. ఒకసారి నమ్మి మొదలుపెట్టి, ఇరవై గంటలు పెట్టాక "మా ఆవిడకి నచ్చలేదు" అని వదిలేశారు. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరి పిల్లో తెలుసు, ఇవ్వడానికి లేదు, పారేయడానికి మనసు రాదు. అప్పటి నుంచి ఔట్‌లైన్ దగ్గర ఒకసారి, కళ్ళు అయ్యాక ఒకసారి ఫోటో పంపి ఒప్పించుకున్నాకే ముందుకెళ్తా.

వేదిక నిర్వహణ · సోమవారం, ఉదయం 11:00

ధరల గురించి మాట్లాడుకోవచ్చు, ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ రాయొద్దు. రెండు పోస్టుల్లో తీసేశాం.

వారాంతపు పెన్సిల్ · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:40

అయిపోయింది. ఇచ్చేశాను.

బొగ్గుపుల్ల గారు చెప్పినట్టు కళ్ళు ముందు పూర్తి చేశాను. ఎడమ కన్ను మూడుసార్లు చెరిపాను. మెరుపు కోసం వరండా గ్రిల్ చువ్వల్ని చిన్నగా గీశాను, ఆ వీడియోలో వెలుగు అటునుంచే వస్తోంది. కుడి చెవి వంటింటి వైపు, తల అర అంగుళం పక్కకి. ఎడమ చెవి కొస దగ్గర బొచ్చు రాలిన చిన్న చోటు ఉంది, అది కూడా వేశాను. అవెన్యూ రోడ్డు వెనక ఒక చిన్న ఫ్రేమ్ షాపులో మౌంట్ పెట్టించి, గాజు కాగితానికి తగలకుండా కట్టించాను.

ఆంటీ ఫ్రేమ్ ఒళ్ళో పెట్టుకుని ముందు గాజు మీద వేలితో ఆ చెవి తడిమారు. తర్వాత "ఇంకా రెండు విజిల్స్ ఉన్నాయిరా" అన్నారు, బొమ్మతో. హాల్లో టీవీ పైన మేకు కొట్టి పెట్టారు ముందే, కానీ అక్కడ పెట్టలేదు. వంటింటి గుమ్మం పక్కన, వాడు కూర్చునే ఎత్తులో తగిలించమన్నారు. ఎండ నేరుగా పడదు కాబట్టి నేనూ సరే అన్నాను. అంకుల్ నేల మీద కూర్చుని మేకు కొట్టారు.

రాయలసీమ గారూ, ఆ క్యాలెండర్ చూసింది మీరని చెప్పాను. మీరు బెంగళూరు వచ్చినప్పుడు భోజనానికి రావాలట.

రాయలసీమ రంగులు · ఆదివారం, రాత్రి 9:02

వస్తానక్కా. పప్పు చేయమనండి.

బొగ్గుపుల్ల · ఆదివారం, రాత్రి 9:20

బొమ్మ చూశాను. ఎడమ చెవి మొదలు దగ్గర ఆ చిన్న లేపు, అదే. చాలా సంతోషం. జనవరిలో కుమారకృప రోడ్డు మీద చిత్రసంతె, అదే బొమ్మల సంత, జరుగుతుంది కదా, రండి, మీ గీతలు చూపించండి.

ఒంగోలు గిత్త · ఆదివారం, రాత్రి 10:11

పెన్సిల్ గారూ, ఊరు వెళ్ళి ఫోటోలు తీశాను. చెప్పినట్టే ఉదయం, కొట్టం నీడలో, వెనక్కి జరిగి, దాని కంటి ఎత్తులో. వెనక కెమెరాతోనే. కొమ్ము ఒకటి కొస విరిగింది, దాచలేదు. కానీ ఒక ఇబ్బంది. నాన్నగారు పక్కన లేకపోతే అది నిలబడటం లేదు. ప్రతి ఫోటోలోనూ గంగడోలు కింద ఆయన చెయ్యి పడింది. బొమ్మలోంచి చెయ్యి తీసేసి గీయగలరా?

వారాంతపు పెన్సిల్ · ఆదివారం, రాత్రి 10:25

గీయగలను. కానీ తీయొద్దండీ. ఆయన చెయ్యి దగ్గరగా ఇంకొక ఫోటో తీసి పంపండి, వేళ్ళు స్పష్టంగా కనపడేలా. చేతితో కలిపే గీస్తాను.